కాకులు నన్ను నమ్మడానికి ఎన్నాళ్ళు పట్టిందంటే (నా అనుభవం)

ఇదంతా ఒక నీళ్ళ మూకుడుతో మొదలైంది. పిచ్చుకలు తాగుతాయి కదా అని డాబా మీద పిట్టగోడ పక్కన ఒక మట్టి మూకుడు పెట్టి రోజూ పొద్దున్నే నీళ్ళు పోసేదాన్ని. మధ్యాహ్నానికల్లా అందులో ఏవేవో నానిపోయిన ముక్కలు తేలుతుండేవి, నీళ్ళు కంపు కొట్టేవి, ఎవరు చేస్తున్నారా ఈ పని అని చిరాకు పడేదాన్ని. ఒకరోజు కిటికీ దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటుంటే దొరికింది దొంగ. ఒక కాకి, రాయిలా ఎండిపోయిన బ్రెడ్ ముక్క ముక్కున కరుచుకుని వచ్చి, మూకుట్లో వేసి పక్కన నిలబడింది. కాసేపాగి ముక్కని తిరగేసింది. మళ్ళీ ఆగింది. ముక్కుతో నొక్కి చూసి, ఇంకా గట్టిగా ఉందని మళ్ళీ నీళ్ళలోకి తోసింది. మెత్తబడ్డాక తీసి గోడ మీద పెట్టుకుని, కాలితో తొక్కిపట్టి, కొంచెం కొంచెంగా తింది. కాకుల్ని పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాం గానీ ఒక్క కాకిని పట్టుకుని ఐదు నిమిషాలు కళ్ళార్పకుండా చూడ్డం నాకదే మొదటిసారి.

ఆ కాకికి కుడి రెక్కలో ఒక ఈక సగం తెల్లగా ఉంది. అందుకని చుక్క అని పేరు పెట్టుకున్నా. ఇక్కడ చెప్పాల్సింది ఏంటంటే ఆ తెల్ల ఈక లేకపోతే ఈ అనుభవమే లేదు, ఎందుకంటే మెడ దగ్గర బూడిద రంగు ఉండే మామూలు ఊరకాకులు మొదట్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఎవరు ఎవరో తెలీకుండా ఎన్నాళ్ళు చూసినా కాకులు వచ్చాయి కాకులు వెళ్ళాయి అనే తప్ప ఏం తెలీదు. ఒక్కదాన్ని గుర్తుపట్టగలిగితే చాలు, దాని పక్కన ఎప్పుడూ ఉండేది దాని జంట అని తెలుస్తుంది, అది ఎవర్ని తరుముతుందో ఎవరికి దారి ఇస్తుందో తెలుస్తుంది, అలా తీగ లాగినట్టు అన్నీ తెలుస్తూ పోతాయి. చుక్క జంటకి ఎడమకాలి వెనక వేలుకి గోరు లేదు, అది కనిపెట్టడానికి నాకు ఇంకో నెల పట్టింది.

సరే, స్నేహం చేద్దామని డిసైడ్ అయ్యాక మొదటి రెండు వారాలు నేను చేసినవన్నీ తప్పులే. పల్లీలు పట్టుకెళ్ళి చెయ్యెత్తి గోడ మీదకి విసిరేదాన్ని, అవేమో అన్నీ ఒక్కసారి లేచిపోయేవి. తర్వాత అర్థమైంది, చెయ్యెత్తి విసరడం అంటే కాకి లెక్కలో రాయి విసరడమే కదా, ఎన్నిసార్లు ఎంతమంది దాన్ని అలా కొట్టి ఉంటారు. పైగా అక్కడే నిలబడి వస్తాయా రావా అని తదేకంగా చూసేదాన్ని. ఏ పక్షికైనా తనకేసి గుచ్చి చూసే రెండు కళ్ళంటే వేటాడే జంతువే, తినడానికి ఎలా వస్తుంది? మూడో తప్పు టైమ్. ఒకరోజు ఏడింటికి, ఒకరోజు పదింటికి, గుర్తొస్తే వెళ్ళడం లేకపోతే లేదు.

ఈ మూడూ మార్చా. పొద్దున సరిగ్గా 6:45 కి వెళ్ళడం, మెట్ల తలుపు తీసే ముందు చేత్తో మూడుసార్లు టక్ టక్ టక్ అని కొట్టడం, గోడ మీద అదే చోట వంగి మెల్లగా పెట్టడం, వెనక్కి తిరిగి వచ్చేయడం. వాటివైపు చూడకూడదు. ఇంట్లోకొచ్చి కర్టెన్ పక్కనుంచి చూసేదాన్ని. మొదటి ఆరు రోజులు ఎవరూ ముట్టుకోలేదు, ఉడతలు తినేశాయి. ఏడో రోజు చుక్క దిగింది. దిగి నేరుగా రాలేదు, పల్లీల వైపు అడ్డంగా, ఒక పక్కకి తిరిగి చిన్న చిన్న గెంతులేస్తూ వచ్చి, ముక్కు ఇలా చాచి ఒక్కసారి రెక్కలు విదిల్చి రెండడుగులు వెనక్కి ఎగిరింది, పల్లీ ఏదో కరిచినట్టు. మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి. నాలుగోసారికి ఒక్కటి లాక్కుని పారిపోయింది. కాకి జాతి పక్షుల్లో చాలావాటికి ఈ అలవాటు ఉంది, కొత్త వస్తువు ఏదైనా ముందు బతికుందా లేదా, దాడి చేస్తుందా లేదా అని చూసుకుంటాయి. ఆ వెనక్కి గెంతడం చూసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను, ఎందుకంటే అది భయపడుతూ కూడా వచ్చింది.

అక్కడ్నుంచి కొంచెం వేగం పుంజుకుంది. మూడో వారానికి నేను తలుపు తట్టగానే చుక్క నీళ్ళ ట్యాంకు మీదకి వచ్చి కూర్చునేది. రెండో నెలకి నేనింకా అక్కడ ఉండగానే గోడ అవతలి చివరకి దిగేది. దూరాన్ని నేనెప్పుడూ తగ్గించలేదు, అదే తగ్గించుకుంటూ వచ్చింది, ఈ ఒక్క విషయం మాత్రం ఎవరైనా మొదలుపెడితే గట్టిగా గుర్తుపెట్టుకోండి. మనం ఒక అడుగు ముందుకేస్తే అది పది రోజులు వెనక్కి పోతుంది.

ఏం పెట్టాలి అని చాలామంది అడుగుతారు. నేను పెట్టేది ఉప్పు లేని పల్లీలు, తొక్కతో ఉన్నవి అయితే ఇంకా ఇష్టం, వారానికి రెండుసార్లు ఉడకబెట్టిన గుడ్డు, అంతే. ఉప్పు, నూనె, మసాలా ఉన్నవి వద్దు, బ్రెడ్ కడుపు నింపుతుంది గానీ అందులో బలం లేదు. నీళ్ళు మాత్రం రోజూ మార్చి గిన్నె రుద్ది కడగాలి, అన్ని పక్షులూ ఒకే గిన్నెలో ముక్కు పెడతాయి కాబట్టి ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుకుంటుంది. రోజుకి 15, 20 పల్లీలకి మించి పెట్టను. కడుపు నింపడం మన పని కాదు, వాటి తిండి అవి వెతుక్కోవాలి. ఇంకోటి, కాకుల గుంపు ఒకచోట ఎక్కువైతే చుట్టుపక్కల చిన్న పక్షుల గుడ్లకీ పిల్లలకీ ప్రమాదం. అవి దిగడం మొదలైన కొత్తలో నేను గుప్పెళ్ళ కొద్దీ పోశాను, 20కి పైగా కాకులొచ్చి కాకిగోల చేసి పక్కింటి వాళ్ళ బట్టల మీద రెట్టలేశాయి. పక్కింటి ఆంటీ వచ్చి "నీకు ఇష్టమైతే పెట్టుకో అమ్మా, ఇదిగో నా చీర చూడు" అంది. ఆవిడ మాట న్యాయమే. నేను ఆ చీర ఉతికిచ్చి, పల్లీలు లెక్కపెట్టి పెట్టడం మొదలుపెట్టాక గొడవ లేదు.

ఇంక చూడ్డం సంగతి. పల్లీలు పెట్టగానే చుక్క ముందున్నది తీసుకోదు. ఒకటి ఎత్తి, పక్కన పెట్టి, ఇంకోటి ఎత్తి, బరువు చూసుకుని, మంచి నిండు గింజలున్నది ఏరుకుంటుంది. తర్వాత రెండు గొంతులోకి తోసుకుని మూడోది ముక్కున పెట్టుకుంటుంది, దవడ కింద ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అక్కడ్నుంచి నా పూల కుండీల దగ్గరికి. మట్టిలో ముక్కుతో గుచ్చి, పల్లీ లోపలికి తోసి, చుట్టూ చూసి, ఒక ఎండుటాకు తెచ్చి దానిమీద కప్పుతుంది. పైనుంచి ఇంకో కాకి చూస్తుంటే మాత్రం దాచదు, దాచినట్టు ముక్కు మట్టిలో పెట్టి, పల్లీ నోట్లోనే ఉంచుకుని వేరే కుండీకి వెళ్ళిపోతుంది. ఇది నేను కనీసం పదిసార్లు చూశాను. మూడు రోజుల తర్వాత వచ్చి తడుముకోకుండా అదే కుండీ అదే ఆకు తీసి తింటుంది, నేనేమో నిన్న కళ్ళజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కుంటుంటాను.

కాకి అంటే కావ్ ఒక్కటే అనుకుంటాం. అలా కాదు. నన్ను చూసినప్పుడు చుక్క చేసేది పొట్టిగా ఒకటి రెండు కావ్‌లు. పిల్లిని చూస్తే గొంతు చించుకుని గ్యాప్ లేకుండా బరబరా అరుస్తుంది, దానికి చుట్టుపక్కల కాకులన్నీ వచ్చేస్తాయి. డేగ వస్తే అది ఇంకో రకం. జంట రెండూ మధ్యాహ్నం చెట్టు నీడన కూర్చుని ఒకదాని మెడ ఒకటి ముక్కుతో దువ్వుకునేటప్పుడు గొంతులోంచి కుర్ర్ర్ అని మెత్తగా ఒక శబ్దం వస్తుంది, అది దగ్గరగా ఉంటే తప్ప వినపడదు. దువ్వించుకునేది తల వంచి కళ్ళు మూసుకుంటుంది, కంటి మీద తెల్లటి పొర ఒకటి పక్కనుంచి జారుతుంది. ఎన్ని అరుపులు అరవాలో కాకులు ముందే అనుకుని అరవగలవని కూడా తేల్చారు, 2024లో జర్మనీలోని ట్యూబింగెన్ యూనివర్సిటీ వాళ్ళు మూడు కాకులకి ట్రైనింగ్ ఇస్తే గుర్తుని బట్టి 1 నుంచి 4 వరకు లెక్కగా అరిచాయి. ఆ వార్త చదివాక నేను చుక్క అరుపులు నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టా.

మొహం గుర్తుపట్టడం గురించి. ఒకరోజు మా తమ్ముడు నా షర్టే వేసుకుని, నేను చేసినట్టే తలుపు తట్టి పల్లీలు పెట్టాడు, ఒక్కటీ దిగలేదు. నేను వెనకాల మెట్ల మీద తల బయటపెట్టగానే వచ్చాయి. వీధి చివర, ఇంటికి చాలా దూరంలో, నేను నడిచి వెళ్తుంటే పైన తీగ మీంచి ఒక పొట్టి కావ్ వినపడి తలెత్తితే చుక్క, నాతోపాటు స్తంభం నుంచి స్తంభానికి ఎగురుతూ మలుపు దాకా వచ్చింది. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ మార్జ్‌లఫ్ 2006లో సియాటిల్‌లో దీన్ని పరీక్షించాడు. ఆదిమానవుడి మాస్క్ పెట్టుకుని 7 కాకుల్ని పట్టుకుని, కాళ్ళకి రింగులేసి వదిలేశారు. తర్వాత ఆ మాస్క్ పెట్టుకుని ఎవరు నడిచినా కాకులు తిట్టిపోశాయి, వేరే మాస్క్ పెట్టుకుని వెళ్తే పట్టించుకోలేదు. పట్టుబడని కాకులు కూడా మిగతావాటిని చూసి నేర్చుకున్నాయి, ఏళ్ళ తరబడి ఆ మొహాన్ని మర్చిపోలేదు. ఇది చదివినప్పుడు బాగుందే అనుకున్నా, ఆ తిట్లు నా నెత్తి మీద కూడా పడతాయని అప్పుడు అనుకోలేదు.

ఐదో నెలలో చుక్క వాళ్ళు ఎదురుచెట్టులో గూడు కట్టారు. పుల్లలతో పాటు ఎక్కడ్నుంచో ఇనప తీగ ముక్కలు తెచ్చి అల్లారు. ఆ రోజుల్లో నల్ల కోయిల ఒకటి చెట్టు దగ్గరికి వస్తే చాలు రెండూ కలిసి వీధి చివరి దాకా తరిమేవి, కోయిల గుడ్డు పెట్టేది వీటి గూట్లోనే కదా. రెండున్నర వారాలు పొదిగాక పిల్లల చప్పుడు మొదలైంది. ఇంకో నాలుగు వారాలకి ఒక పిల్ల కిందకి దిగింది, దిగింది అనడం కన్నా పడిపోయింది అనొచ్చు, గోడ పక్కన గడ్డిలో నిలబడి ఉంది. తోక పొట్టిగా, ఈకలు మసకగా, నోరు తెరిస్తే లోపలంతా ఎర్రగా. పక్కింటి పిల్లాడు పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, కాకి పిల్ల పడిపోయింది, ఎగరలేకపోతోంది, అట్టపెట్టెలో పెట్టి లోపలికి తీసుకెళ్దామా?"

"వద్దురా, ముట్టుకోకు. వాళ్ళమ్మ పైనే ఉంది చూడు."

"మరి పిల్లి వస్తే?"

"పిల్లిని మనం చూసుకుందాం. దాన్ని వాళ్ళు చూసుకుంటారు."

చాలామంది మంచి మనసుతో చేసే పొరపాటు ఇదే. ఒళ్ళంతా ఈకలొచ్చి, కాళ్ళ మీద నిలబడగలిగిన పిల్ల కింద కనిపిస్తే అది తప్పిపోయినట్టు కాదు, ఎగరడం నేర్చుకునే ముందు కొన్ని రోజులు అవి కిందా, పొదల్లో, గోడల మీద అలాగే తిరుగుతాయి, తల్లీ తండ్రీ అక్కడికే వచ్చి తినిపిస్తాయి. రక్తం వస్తున్నా, రెక్క వేలాడుతున్నా, ఈకల్లేని ఎర్రటి గుడ్డు పిల్ల అయినా అప్పుడు వేరే సంగతి. మేమిద్దరం ఆ మూడు రోజులు గేటు దగ్గర కాపలా ఉన్నాం, వీధి కుక్కనీ పిల్లినీ రానివ్వలేదు. దానికి బుడ్డది అని పేరు పెట్టింది ఆ పిల్లాడే. నాలుగో రోజు పొద్దున పొద మీంచి గోడకి, గోడ మీంచి కొమ్మకి ఎగిరింది, వాడు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయి, చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇది జరిగిన వారానికే నేను మొత్తం పాడుచేసుకున్నాను. రాత్రి వాన పడింది, దండెం మీదున్న ఒక నల్ల స్కార్ఫ్ ఎగిరి డాబా మూల బురదలో పడింది. పొద్దున వెళ్ళి దాన్ని ఒక కొసన రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తా, తడిసి ముద్దై వేలాడుతోంది. చుక్క ట్యాంకు మీద ఉంది. అది అరిచిన అరుపు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. అరనిమిషం కాలేదు, పన్నెండో పదిహేనో కాకులు నా తల మీద తిరుగుతున్నాయి. నాకేం అర్థం కాలేదు, స్కార్ఫ్ పట్టుకునే అలా నిలబడిపోయా, ఆ పట్టుకుని నిలబడ్డమే తప్పని తెలీదు. వెనకనుంచి ఒకటి వచ్చి నెత్తి మీద కాలితో తన్నింది, రక్తం రాలేదు గానీ మంట. లోపలికి పరిగెత్తి తలుపేసుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. దెబ్బకి కాదు, తన్నింది చుక్క, కుడి రెక్కలో తెల్ల ఈక కళ్ళారా చూశాను.

ఆ రోజే కూర్చుని చదివాను. కోన్రాడ్ లోరెంజ్ అని ఆస్ట్రియా శాస్త్రవేత్త, 1973లో నోబెల్ వచ్చింది, ఆయన కాకి జాతికే చెందిన జాక్‌డాలని ఇంట్లో పెంచేవాడు. ఒకసారి ఆయన జేబులోంచి తడిసిన నల్ల ఈత నిక్కర్ తీయగానే చేత్తో పెంచిన ఆ పక్షులే గుంపుగా మీద పడి చెయ్యి పొడిచాయి. నల్లగా, మెత్తగా, వేలాడుతూ ఉన్నది ఏదైనా చేతిలో ఉందంటే వాటికి అది తమ వాళ్ళలో ఒకటి, పట్టుకున్నవాడు శత్రువు. ఇంకోటి కూడా దొరికింది, మార్జ్‌లఫ్ దగ్గరే పరిశోధన చేసిన కేలీ స్విఫ్ట్ 2015లో రాసింది. కాకులకి తిండి పెట్టే చోటే, మాస్క్ పెట్టుకున్న మనిషి చచ్చిన కాకిని చేతిలో పట్టుకుని నిలబడితే కాకులన్నీ చేరి తిట్టడమే కాకుండా తర్వాత రోజుల్లో ఆ తిండి దగ్గరికి రావడానికి కూడా వెనకాడాయి, ఆ మనిషి ఖాళీ చేతులతో వచ్చినా సరే. ప్రతి మాటా నాకు జరిగిందే. బుడ్డది ఎగరడం నేర్చుకుని వారమే అయింది, తల్లి కళ్ళతో చూస్తే నా చేతిలో వేలాడుతున్నది ఏంటి? కాకి పిల్ల కాకికి ముద్దు అని ఊరికే అంటాం గానీ ఆ మాటలో ఎంత బరువుందో నాకు ఆ పొద్దున తెలిసింది.

తర్వాత 11 రోజులు నేను డాబా మీదకి వెళ్తే చాలు తిట్లు. నోట్‌బుక్‌లో ఉంది, మొదటి రోజు 14 కాకులు, నాలుగో రోజు 9, ఎనిమిదో రోజు 5. అన్నీ నేను ఎప్పుడూ పల్లీలు పెట్టినవి కూడా కాదు, పక్క వీధివి కూడా నేర్చుకున్నాయి. అమ్మ గొడుగేసుకుని వెళ్ళమంది, అదీ నల్లదే, వద్దన్నాను. మొహానికి ఏదో కట్టుకుని వెళ్ళొచ్చు గానీ నాకది ఇష్టం లేదు, తిట్టించుకున్న మొహంతోనే మళ్ళీ నమ్మకం తెచ్చుకోవాలి అనిపించింది. మొదట్లో చేసినట్టే మళ్ళీ మొదలుపెట్టా. 6:45, మూడు టక్‌లు, రెండు చేతులూ ఖాళీగా కనపడేలా చాచి, పల్లీలు గోడ మీద కాకుండా తలుపు దగ్గరే పెట్టి వెంటనే లోపలికి. నల్ల బట్టలు, నల్ల కవర్లు, నల్ల గొడుగు అన్నీ డాబా మీదకి బంద్, ఇప్పటికీ బంద్. పన్నెండో రోజు గోరు లేని జంట కాకి వచ్చి ఒకటి తీసుకుంది. చుక్క ఇంకో మూడు వారాలకి గానీ దిగలేదు, దిగిన రోజు మళ్ళీ అదే, అడ్డంగా గెంతులు, ముక్కు చాచడం, వెనక్కి ఎగరడం, మొట్టమొదటి రోజు లాగే.

కాకులు గిఫ్టులు తెస్తాయంట కదా అని అడుగుతారు. సియాటిల్‌లో ఒక చిన్నపాపకి పూసలు, బటన్లు తెచ్చాయని 2015లో వార్త వచ్చింది. మా గోడ మీద కూడా సీసా మూత ఒకటి, ఎర్ర ప్లాస్టిక్ ముక్క ఒకటి దొరికాయి, దాచుకున్నా. కానీ మూత ఎలా వచ్చిందో నేను చూశాను, నోట్లో మూత పెట్టుకుని ఆడుకుంటూ వచ్చిన కాకి పల్లీ కనపడగానే మూత వదిలి పల్లీ తీసుకుంది. నేను దాన్ని గిఫ్ట్ అనను. నాకు కాకి ఇచ్చింది వేరే ఉంది, నేను పక్కనుండగా కళ్ళు మూసుకుని జంట చేత మెడ దువ్వించుకోవడం.

చేతిలోంచి తినిపించొచ్చు కదా అని మా తమ్ముడు ఇప్పటికీ అంటాడు. నేను ఒప్పుకోను. మనిషి చెయ్యి అంటే భయం పూర్తిగా పోయిన కాకి రేపు ఇంకెవరి చేతి దగ్గరికో వెళ్తుంది, ఆ చేతిలో ఏముంటుందో నాకు తెలీదు.

ఇప్పటికి 14 నెలలైంది. బుడ్డది పెద్దదైంది గానీ ఇంకా తల్లిదండ్రుల దగ్గరే తిరుగుతోంది, చుక్కని చూస్తే రెక్కలు ఆడిస్తూ నోరు తెరుస్తుంది, చుక్క పెట్టదు, పక్కకి తిరుగుతుంది. ఇది నాకు భయపడదు, తల్లికి ఉన్నంత జాగ్రత్త దీనికి లేదు, నేను ఇక్కడ కూర్చుంటే అక్కడ ఒక బారెడు దూరంలో కూర్చుని నా చెప్పు వైపు చూస్తూ ఉంటుంది. మొన్న ఎండిన గుడ్డు సొన ముక్క ఒకటి తెచ్చి మూకుట్లో వేసింది. వేసింది గానీ ఆగలేదు, వెంటనే తీసి, గట్టిగా ఉందని మళ్ళీ వేసి, మళ్ళీ తీసి, ఆఖరికి ముక్క నీళ్ళలో విడిపోయి మూకుడంతా పసుపైంది. చుక్క ట్యాంకు మీంచి చూస్తోంది. నేను మూకుడు కడిగి నీళ్ళు మార్చి వచ్చి కూర్చున్నా. బుడ్డది గోడ మీద ఒంటికాలి మీద నిలబడి ఆవులించింది. పెద్ద కాకుల నోరు లోపల నల్లగా ఉంటుంది. దీనికి ముందు సగం నల్లబడింది, గొంతు దగ్గర ఇంకా ఎర్రగానే ఉంది.